దన్బీ పాత కళ్ళు

ఫిబ్రవరి 7

దన్బీ వెళ్ళిపోయింది. చాంద్రమానపు కొత్త సంవత్సరం పండక్కని సియోల్ నుంచి వచ్చింది, మూడు రోజులుంటానంది, ఒకటిన్నర రోజుకే సంచి సర్దుకుంది. బియ్యపు బిళ్ళల సూపు సగం గిన్నెలోనే మిగిలింది. పారబొయ్యబుద్ధి కాక నేనే తాగాను. చల్లారిందేమో, గొంతు దిగలేదు.

ఇంట్లో కూడా టోపీ, నల్లద్దాలు తియ్యలేదు. తియ్యమని నేనూ అనలేదు. నిన్న మధ్యాహ్నం వెచ్చటి నేల మీద అలా ఒరిగి నిద్రపోయింది. అద్దాలు పక్కకి జారాయి. "మేలుకునే ఉన్నావా?" అని అడిగాను. పలకలేదు, సన్నగా గురక పెడుతోంది. రెప్పల కింద గోరు వెడల్పున తెల్లగుడ్డు కనిపిస్తోంది, ఎర్రటి జీరలతో. నా కూతురు కళ్ళు తెరుచుకుని నిద్రపోతోంది.

అక్టోబరులో చేయించుకున్న రెండో ఆపరేషన్ నిర్వాకం ఇది. మొదటిది ఆరేళ్ళ కిందట, హైస్కూలు చివరి పరీక్షలయ్యాక వచ్చిన చలికాలంలో. మడత లేని ఒంటి రెప్పకి మడత వేయించడం. అందరు పిల్లలకీ చేయించినట్టే చేయించాను, బాగానే కుదిరింది. ఉద్యోగాల దరఖాస్తు ఫోటోలో కళ్ళు ఇంకాస్త పెద్దగా కనపడాలని రెండోది. తనే అడిగింది. నేను వెంట వెళ్ళానంతే.

లేచి, తల వెనక్కి వాల్చి, కళ్ళల్లో చుక్కల మందు వేసుకుని, అప్పుడు చెప్పింది. సియోల్‌లో ఒక డాక్టరమ్మ ఉందట. వేరేవాళ్ళు పాడుచేసిన రెప్పల్ని విప్పి సరిచెయ్యడమే ఆవిడ పని. పాత కోత మెత్తబడాలి కాబట్టి జూన్‌లో చేస్తుందట. మొదటి ఆపరేషన్‌కి ముందు కళ్ళు ఎలా ఉండేవో ఫోటోలు తెమ్మందట.

"ఇయ్యమ్మా, తీసుకెళ్తా."

"లేవు."

"ఆల్బమ్?"

"ఇల్లు మారినప్పుడు పారేశా."

"కంప్యూటర్లోవి?"

"తీసేశా."

ఇందులో వింతేముంది? ఊళ్ళో ఏ తల్లి ఉంచుతుంది గనక? రేపు సంబంధం కుదిరాక అత్తగారు వచ్చి ఆల్బమ్ తిరగేస్తే ఏం చెప్పాలి? పిల్ల కొత్త ముఖానికి పాత ముఖం అడ్డు రాకూడదని అందరూ చేసే పనే నేనూ చేశాను.

దన్బీ చాలాసేపు నా వంక చూసింది. అది రెప్ప వెయ్యకుండా చూస్తే కోపమో, రెప్ప పడకపోవడమో నాకిప్పుడు తెలియదు. "ఒక్కటి," అంది. "నా కళ్ళున్న ఫోటో ఒక్కటి వెతికి తీసుకురా. అది దొరికాకే నా గదికి రా. అప్పటిదాకా రావద్దు, ఫోన్ కూడా చెయ్యొద్దు."

ఫిబ్రవరి 8

షాపు తెరిచాను. నలుగురికి జుట్టు వంకీలు తిప్పాను. ఎవరూ ఏమీ అడగలేదు.

ఫిబ్రవరి 12

జుట్టుకి మందు పట్టడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఈ నలభై నిమిషాల్లోనే రాసుకుంటున్నాను. కుర్చీలో బాంగ్ అక్క ఉంది, పక్క లాండ్రీ ఆవిడ. తల నిండా రోలర్లు పెట్టినా నోరు మాత్రం ఖాళీగా ఉండదు.

"ఏమే మల్సుక్, పిల్ల పండక్కొచ్చి నన్ను పలకరించకుండానే పోయిందేం?"

"పనుందట అక్కా."

"పనా? ఉద్యోగమే లేదు కదే దానికి!"

"తల కదపకు. చెవి కాలుద్ది."

తల కదపకుండానే అద్దంలో నా కళ్ళలోకి చూసి, "చూశాలే, బస్టాండ్లో. పాపం, ఎవరో భయపెట్టినట్టున్నాయి కళ్ళు," అంది. ఒళ్ళు మండింది. కానీ చేతిలో మందు సీసా ఉంది, విసురుగా లేచిపోలేక చెప్పేశాను, ఫోటో సంగతంతా. బాంగ్ అక్క తనకేదైనా చెప్తే మాత్రం వెంటనే ఉపాయం ఆలోచిస్తుంది. "ఆ బేకరీ పిల్ల దన్బీతోనే చదివింది కదా. స్కూలు ఆల్బమ్ దానిదగ్గర ఉండదూ?"

నాకెందుకు తట్టలేదో!

ఫిబ్రవరి 20

బేకరీ పిల్ల ఆల్బమ్ ఇచ్చింది. పరిగెత్తుకుంటూ షాపుకొచ్చి తెరిచాను.

ఆ స్కూలు ఫోటోగ్రాఫర్ ఎవరో గానీ మహా దయగల మనిషి. ప్రతి పిల్లకీ కళ్ళు పెద్దవి చేసి, గడ్డం నున్నగా దిద్ది, మచ్చలన్నీ తుడిచేశాడు. ఇరవై ఎనిమిది మంది ఆడపిల్లలు, అందరికీ ఒకే జత కళ్ళు. పేరు చదివితే గానీ దన్బీని పోల్చుకోలేకపోయాను. కన్నతల్లినై ఉండి.

బేకరీ పిల్ల ఫోన్లో కూడా ఉన్నాయి పాతవి. అన్నిట్లోనూ కళ్ళు సాగదీసే ఆ యాప్. ఒకదాంట్లో పిల్లి చెవులు కూడా.

అయినా ఆల్బమ్‌లో బొమ్మని ఫోన్లో తీసి పంపించాను. అది ఫోన్ చెయ్యొద్దంది గానీ పంపించొద్దనలేదుగా. జవాబు ఒక్క ముక్క: "ఇది నేను కాదు."

మార్చి 4

దన్బీకి చెప్పకుండా సియోల్ వెళ్ళి ఆ డాక్టరమ్మని చూశాను. డాక్టర్ మో. నలభై ఐదేళ్ళుంటాయి, ముఖానికి పౌడర్ కూడా లేదు, తన కళ్ళవీ ఒంటి రెప్పలే. ఎదురుగా కూర్చోగానే, "మీ అమ్మాయి గురించి ఆమె ఒప్పుకోకుండా నేనేం చెప్పకూడదమ్మా. అలాంటి కళ్ళ గురించి మాత్రం చెప్తాను," అంది.

చెప్పింది. చర్మం ఎక్కువ తీసేశారు. మడత మరీ పైన వేశారు. రెప్పని ఎత్తే కండని పొట్టి చేసి కుట్టారు, అది లోపల అతుక్కుపోయింది. అందుకే రెప్ప లేస్తుంది గానీ వాలదు. వాలకపోతే కన్ను ఎండుతుంది, నల్లగుడ్డు మీద పొర కమ్ముతుంది, అలాగే వదిలేస్తే చూపు పోతుంది. అతుకులు విప్పాలి, కండని దింపాలి, చర్మం చాలకపోతే చెవి వెనక నుంచి తీసి అతకాలి.

"నాది తీసుకోండి," అన్నాను. "ఎంత కావాలంటే అంత."

"పరాయి చర్మం నిలవదమ్మా."

"పరాయేంటండీ? కన్నదాన్ని!"

ఆవిడ నవ్వలేదు, నాకు బార్లీ నీళ్ళు పోసిచ్చింది. ఫోటో లేకుండా కుదరదా అని అడిగాను. మూతపడేలా చెయ్యడానికి ఫోటో అక్కర్లేదట. కానీ లోపలి మూల ఎలా ఉండేదో, చూసినప్పుడు రెప్ప ఎంతవరకు దిగేదో తెలియకపోతే ఊహించి చెయ్యాలి. "ఎవరో ఊహించి చేసినవే నేను రోజూ విప్పుతున్నాను," అంది. తర్వాత కాగితం దగ్గరికి లాక్కుని, "పోలిక ఎవరిది? తల్లిదా, తండ్రిదా?" అని అడిగింది.

"నాదే," అన్నాను.

ఆవిడ నా కళ్ళ వంక చూసింది. నాకు పుట్టుకతోనే రెండు మడతలు. కాగితం మీద ఏమీ రాయకుండా పెన్ను మూసేసింది.

మార్చి 5

నాదే అని ఎందుకన్నానో తెలియదు. నోరు జారింది.

మార్చి 19

"చుక్కలు వేసుకుంటున్నావా?" అని పంపాను. జవాబు లేదు. చదివినట్టు గుర్తు మాత్రం వచ్చింది. చదివిందంటే చూపు బాగానే ఉన్నట్టే కదా.

మార్చి 28

మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. జుట్టుకి వాడే టేపు చింపి, పై రెప్పల్ని నుదుటికి అతికించుకుని అద్దం ముందు కూర్చున్నాను. దన్బీకి ఎలా ఉంటుందో చూద్దామని. మొదట నవ్వొచ్చింది. నిమిషం తిరిగేసరికి కంట్లో వంకీల మందు పడ్డట్టు మంట. రెండు నిమిషాలు కూడా ఓర్చుకోలేకపోయాను.

అప్పుడే బాంగ్ అక్క లోపలికొచ్చి కెవ్వుమంది. "దెయ్యం గానీ పట్టిందటే నీకు!"

టేపు పీకేసుకుని ఏడ్చాను. మంటకేలే అని చెప్పాను. అక్క నమ్మినట్టే తలూపి, తువ్వాలు తడిపి తెచ్చింది. రెండు నిమిషాలకే నాకిలా ఉంటే నా తల్లి ఆర్నెల్లుగా ఎలా ఉంటోందో! దాన్ని చూడాలని ఉంది. ఒక్కసారి ఒళ్ళో తల పెట్టుకుని, నా చేత్తో ఆ రెప్పలు కిందకి జరిపి, కాసేపు అలాగే పట్టుకోవాలని ఉంది.

ఏప్రిల్ 9

బాంగ్ అక్క ఇవాళ అననే అంది. "దాని నాన్న దక్సు దగ్గర ఉండవూ ఫోటోలు? ఎప్పుడు చూసినా మెళ్ళో కెమెరా వేలాడేసుకుని పిల్ల వెనకే తిరిగేవాడు."

"వాడి పేరెత్తకు."

"పేరెత్తకపోతే ఫోటోలు నడిచొస్తాయా?"

"ఆ వాండో ఆడదాని ఇంట్లో పడున్నాడు. ఆ గడప నేను తొక్కను."

దన్బీకి పన్నెండేళ్ళప్పుడు మమ్మల్ని వదిలేసి పోయాడు. ఇక్కడ మోక్పోలో వాడి పడవ ఇంజన్ల దుకాణం మూతపడితే వాండోలో పని దొరికిందని వెళ్ళాడు. నా షాపు వదిలి నేను రానన్నాను. అక్కడ ఒకతి తగులుకుంది. పదమూడేళ్ళు. ఒక్క ఫోను లేదు. ఇది వీధి మొత్తానికి తెలుసు. నేనే చెప్పాను కదా.

ఏప్రిల్ 10

ఫోన్లు వచ్చేవి, మొదట రెండేళ్ళు. షాపు నంబరు మార్పించాను.

ఏప్రిల్ 16

ఫిబ్రవరిలో రాసింది తిరగేశాను. తనే అడిగింది అని రాసుకున్నాను. అది రెండోసారి సంగతి. మొదటిసారి తను అడగలేదు. పరీక్షలయ్యాక నేను అడిగితే తలూపింది.

ఏప్రిల్ 17

తలూపలేదు. ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే అనుకున్నాను. అప్పటికే ఆసుపత్రిలో రోజు ఖాయం చేసేశాను.

మే 8

తల్లిదండ్రుల రోజు. బాంగ్ అక్క రొమ్ము మీద రెండు ఎర్ర పువ్వులు, ఇద్దరు కొడుకులూ తెచ్చినవి. వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఒక పువ్వు ఉంది. దన్బీ సియోల్ వెళ్ళినప్పటి నుంచి కూడా ప్రతి ఏడూ పార్సిల్లో పంపేది. ఇవాళ పార్సిలు మనిషి వీధిలో మూడుసార్లు తిరిగాడు. మూడుసార్లూ గుమ్మంలోకి వెళ్ళాను.

సోమవారం సెలవు. వాండో వెళ్తాను.

మే 13

వెళ్ళొచ్చాను. వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి ఇంకోలా చెప్పుకుంటాను.

రేవు పక్కన రేకుల షెడ్డు. బయటంతా సముద్రపు నాచు ఆరబోసి ఉంది. లోపల ఒక ఇంజను కింద నుంచి కాళ్ళు కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళు నాకు తెలుసు. ఏం పిలవాలో తెలియక రేకు మీద తట్టాను. బయటికి జరిగి, పడుకునే నన్ను చూశాడు. సంతకెళ్ళి తిరిగొచ్చిన మనిషిని చూసినట్టు చూసి, "దన్బీ అమ్మా," అన్నాడు. "గుమ్మంలో ఆగిపోయావేం? లోపలికి రా."

వెనక ఒక గది. ఒక జత చెప్పులు. ఒక మనిషికి సరిపడే అన్నం కుక్కరు, నా గుప్పెడంత ఉంది.

"ఏదీ ఆవిడ?"

"ఎవరావిడ?"

"అప్పుడు నేను ఫోను చేస్తే తీసిందే, ఆవిడ."

చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "ఇంటిగల ముసలమ్మా? పోయి ఆరేళ్ళయింది. ఎనభై నాలుగేళ్ళు బతికింది మహాతల్లి."

నేను ఆశ్చర్యపడలేదు. ఇక్కడ రాస్తున్నాను: నాకు తెలుసు. ఆ రోజు ఫోన్లో ఆ గొంతు వినగానే తెలుసు, పళ్ళు ఊడిపోయిన ముసలిదని. కానీ ఎవరో ఆడది ఉందంటే, వదిలేసి పోయాడని చెప్పుకోవచ్చు. లేదంటే నేను పొమ్మంటే పోయాడని చెప్పుకోవాలి. నేనే పొమ్మన్నాను. సంచి కూడా నేనే వీధిలోకి విసిరాను.

దన్బీ సంగతి చెప్పాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. తిట్టలేదు. నూనె చేతులు గుడ్డకి తుడుస్తూనే ఉన్నాడు, తుడవడానికి ఏమీ మిగలకపోయినా. "నొప్పిగా ఉంటోందా దానికి?" అని మాత్రం అడిగాడు.

ఫోటోల పెట్టె అటక మీంచి దించాడు. ఏదో తుఫానుకి, పెట్టె కిందే ఉన్నప్పుడు, షెడ్డులోకి నడుము లోతు నీళ్ళొచ్చాయట. ఫోటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఇటుకలా గట్టిగా ఉన్నాయి. పారెయ్యలేక అలాగే ఉంచుకున్నాడు. చాకుతో మెల్లగా ఒకటి విడదీశాడు. కాగితం ఊడొచ్చింది, ముఖం కింది ఫోటోకే ఉండిపోయింది. ఇంకోటి తీశాడు. అదీ అంతే. గులాబీ గౌను మిగిలింది, బూట్లు మిగిలాయి, ముఖం ఉండాల్సిన చోట తెల్లగా ఉంది.

అక్కడే కూలబడి ఏడ్చాను. ఇక ఎక్కడా లేవు. నా బిడ్డ కళ్ళు లోకంలో ఎక్కడా లేవు.

ఆయన చాకు కింద పెట్టి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అలసటకి కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు చూశాను. ఒక్క మడత లేకుండా, నున్నగా, వెంట్రుకల దాకా వాలిపోయిన రెప్ప. తెరిచాడు. సన్నటి కన్ను, లోపలి మూల కాస్త కప్పేసి, బయటి కొస కొద్దిగా కిందకి దిగి. ఈయన పోయాక ఏడేళ్ళు ఆ కళ్ళు రోజూ అన్నం బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చున్నాయి, దన్బీ ముఖంలో. అందరు పిల్లలకీ చేయించినట్టే అని రాసుకున్నానే, అబద్ధం. ఈ మనిషిని చూడలేక, చూడకుండా ఉండలేక, నా బిడ్డ ముఖంలోంచి ఈయన్ని కోయించి తీయించేశాను. ఇప్పుడు అవే కళ్ళు కావాలని రెండు బస్సులు మారి వచ్చాను.

"జూన్ రెండున మోక్పో రా," అన్నాను. "తలంటుకుని రా. షాపులో జుట్టు కత్తిరిస్తాను."

"ఎందుకు?"

"ఫోటో బదులు."

మే 14

దన్బీకి పంపాను: "దొరికింది. తెస్తున్నాను."

గంట తర్వాత జవాబు: "జూన్ 3, పదకొండింటికి, డాక్టర్ మో దగ్గర." ఆ ముక్కనే ఎన్నిసార్లు చదివానో! కిమ్చీ పచ్చడి రెండు డబ్బాలు దానికని విడిగా తీసిపెట్టాను.

జూన్ 2

వచ్చాడు. పొద్దున పది గంటలకి, తెల్ల చొక్కా, చేతిలో ఎండు నాచు కట్ట. కుర్చీలో కూర్చోబెట్టి గుడ్డ కప్పాను.

నా ముప్పై ఏళ్ళ పనిలో ఎన్ని తలలు పట్టుకున్నానో లెక్కలేదు. ఇవాళ ఒకే పాపిట మూడుసార్లు తీశాను. వెనక అంతా నెరిసిపోయింది. మెడ మీద పాత పుట్టుమచ్చ అక్కడే ఉంది. ఎక్కడికి పోతుంది! ముందు జుట్టు కత్తిరించేటప్పుడు కళ్ళు మూసుకోమన్నాను. మూసుకున్నాడు. అద్దంలో కాకుండా ఎదురుగా నిలబడి చూశాను, కత్తెర ఊరికే ఆడిస్తూ. వెంట్రుకలు ఎప్పుడో అయిపోయాయి.

"అయిందా?"

"ఇంకొంచెం."

బాంగ్ అక్క తలుపు సందులోంచి తల పెట్టింది. "ఎవరే?"

"కస్టమరు."

"అవునవును. నాకూ పంపు అలాంటి కస్టమర్ని, లాండ్రీకి." ఆయన కళ్ళు మూసుకునే నవ్వాడు.

జూన్ 3

ఆసుపత్రి నడవాలో దన్బీ కూర్చుని ఉంది, టోపీ, నల్లద్దాలు. నన్ను చూసి లేచింది. నా వెనక ఉన్న మనిషిని చూసి ఆగిపోయింది. ఆయన టోపీ లేని తల మీంచి టోపీ తీస్తున్నట్టు చెయ్యెత్తి, దించేశాడు.

లోపల డాక్టర్ మో, "ఫోటో తెచ్చారా?" అంది.

"తెచ్చానండీ," అని ఆయన్ని ముందుకి తోశాను. "పోలిక నాది కాదు. ఆ రోజు అబద్ధం చెప్పాను."

ఆవిడ ఈసారి నవ్వింది. ఆయన్ని దీపం ముందు కూర్చోబెట్టింది. పైకి చూడండి, కిందకి చూడండి, మూయండి, తెరవండి. చిన్న స్కేలు పెట్టి కొలిచి కాగితం మీద బొమ్మ గీసింది. "లోపలి మూల కొంతే తేగలను. ముందు కన్ను మూతపడాలి, పోలిక తర్వాత. పూర్తిగా పాతది వస్తుందని మాట ఇవ్వను," అంది. దన్బీ వైపు తిరిగి, "సరేనా?" అని అడిగింది. దాన్ని అలా అడగడం, అది చెప్పేదాకా ఆగడం నేను మొదటిసారి చూశాను.

దన్బీ నల్లద్దాలు తీసింది. ఆ పెద్ద కళ్ళు, తడి లేకుండా ఎర్రగా. వాళ్ళ నాన్న ముందుకి వెళ్ళి నిలబడింది.

"ఇంకోసారి మూయవా, నాన్నా."

ఆయన మూశాడు. అది వేలు పెట్టి ఆ రెప్పని ముట్టుకుంది. మూసిన రెప్ప కింద నుంచి నీళ్ళు కారాయి. ఆయన తుడుచుకోలేదు, కదిలితే అది వేలు తీసేస్తుందేమోనని కాబోలు.

జూన్ 11

ఆపరేషన్ మూడున్నర గంటలు. ఆయన నడవాలో నడుస్తూనే ఉన్నాడు. నేను కూర్చునే ఉన్నాను.

జూన్ 13

ఆయన వాండో వెళ్ళిపోయాడు. రెండు పడవలు ఇంజన్లు విప్పి ఉన్నాయట. నేను ఉండమనలేదు, ఆయన ఉంటాననలేదు. బస్సు కదిలి మలుపు తిరిగాక, ఉండు అని గట్టిగా అరవాలనిపించింది. పక్కన దన్బీ కళ్ళకి పట్టీలతో నా చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది కనక ఊరుకున్నాను. షాపు కొత్త నంబరు కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టాను. చూసుకున్నాడో లేదో.

జూన్ 19

కుట్లు తీశారు. ముఖమంతా పసుపు, ఊదా రంగు. రెప్ప ఇంకా పూర్తిగా వాలడం లేదు, కింద నూలుపోగంత సందు. వాపు తగ్గాలి, రోజూ మెల్లగా కిందకి నిమరాలి అంది డాక్టరమ్మ. దన్బీ గదిలోనే ఉంటున్నాను. ఇద్దరం పడుకుంటే నడవడానికి చోటుండదు. చుక్కలు నన్నే వెయ్యనిస్తోంది. షాపుకి తాళం. బాంగ్ అక్క ఫోన్ చేసి, ఊళ్ళో ఆడవాళ్ళ తలలన్నీ నిటారైపోయాయి, ఎప్పుడొస్తావంది.

జూన్ 27

పొద్దున దన్బీ, నేను బల్లకి అటూ ఇటూ కూర్చుని అన్నం తింటున్నాం. ఆయన పంపిన నాచు ఉంది. అది చెంచా కింద పెట్టింది.

"అమ్మా, ఒకటి అడుగుతా, కోప్పడకు."

"అడుగు."

"నాన్న వెళ్ళిపోయాక నేను నీ వంక చూస్తే నువ్వు తల తిప్పేసుకునేదానివి. ఎప్పుడూ అంతే. ఏదో పనున్నట్టు లేచిపోయేదానివి. నా కళ్ళు బాగోవు కాబోలు అనుకున్నా. మడత వేయించాక కొంచెం చూసేదానివి. అందుకే ఇంకొంచెం పెద్దవి చేయించుకుంటే..."

దరఖాస్తు ఫోటో కోసం అని చెప్పింది నాతో. నేను వెంట వెళ్ళాను. వెంట వెళ్ళి, ఇంకాస్త పైకి వెయ్యండి అని కూడా అన్నాను.

నేను తల తిప్పుకునేదాన్నని నాకు తెలియదు. ఒట్టు, తెలియదు. ఎన్ని రాసుకున్నాను ఇందులో, అది మాత్రం ఎక్కడా లేదు.

"బాగోక కాదే," అన్నాను. "అవి మీ నాన్న కళ్ళు. చూస్తే ఏడుపొచ్చేది. ఆయన కావాలనిపించేది. నీకు చెప్పడానికి సిగ్గేసింది."

దన్బీ బల్ల మీద మోచేతులు ఆనించి ముందుకి వంగింది.

"ఇప్పుడు చూడు."

చూశాను. ఎడమది కుడిదానికంటే వెంట్రుకవాసి పైకుంది. మడత చెరిపిన చోట గులాబీ రంగు గీత. లోపలి మూల సగమే వచ్చింది. అయినా అవే, సన్నటివి, కొస కొద్దిగా కిందకి దిగినవి. లేచిపోవాలనిపించింది, కాళ్ళు కూడా కదిలాయి. కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. నా కళ్ళు నీళ్ళతో నిండి అది రెండుగా కనిపించినా చూస్తూనే ఉన్నాను.

ముందు రెప్ప వేసింది అదే. రెప్ప మెల్లగా కిందకి దిగింది, చివరిదాకా దిగింది, కింది రెప్పని తాకింది.